కసి లేదని బాధపడుతున్న తండ్రికి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి పదో తరగతి వరకు బాగా చదివాడు. ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో ఉన్నాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు, మూడు సబ్జెక్టులు బ్యాక్‌లాగులుగా మిగిలాయి. రాత్రి రెండింటి దాకా ఫోను, పగలు పదకొండింటి దాకా నిద్ర. అన్నీ పాసైతే బైక్ కొనిస్తానన్నారు, కదలిక లేదు. నెలనెలా పంపే డబ్బు సగానికి తగ్గించారు, అప్పుడూ లేదు. ‘మేము ఆకలి తెలిసి పెరిగాం కాబట్టి కసి పుట్టింది. వాడికి అన్నీ అమర్చిపెట్టాం కాబట్టి కసి లేదు. డబ్బు పూర్తిగా ఆపేస్తే పుడుతుందా? మనిషిని కదిలించే మూల ప్రేరణల గురించి మనస్తత్వశాస్త్రం ఏమంటుంది?’ అని అడిగారు.

ముందుగా సూటి జవాబు: డబ్బు ఆపకండి. ఆపితే కసి పుట్టదు. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధించాను, ఇప్పుడు విద్యార్థులకూ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ చేస్తున్నాను. ‘మావాడిలో కసి లేదు’ అన్న మాటతో నా గదిలోకి వచ్చినంత మంది తల్లిదండ్రులు మరే మాటతోనూ రాలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పిన సిద్ధాంతం మీ ఒక్కరిదే కాదు. ఒకప్పుడు మనస్తత్వశాస్త్రమూ దాన్నే నమ్మింది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లార్క్ హల్ 1943లో దాన్ని సూత్రాల రూపంలో ప్రతిపాదించాడు. ఒంట్లో ఏదో లోటు ఏర్పడుతుంది, అంటే ఆకలి, దాహం, నొప్పి వంటివి. ఆ లోటు లోపల ఒక ఒత్తిడిగా మారుతుంది. దాన్నే చోదకం అంటాం. ఆ ఒత్తిడిని తగ్గించుకోవడానికే ప్రాణి కదులుతుంది. దేనివల్ల ఒత్తిడి తగ్గిందో ఆ పనిని నేర్చుకుంటుంది. ఈ లెక్క ప్రకారం కడుపు నిండిన ప్రాణి ఊరికే పడుకోవాలి, కాబట్టి పని చేయించాలంటే కడుపు మాడ్చాలి. కసి గురించి మనం చెప్పుకునే మాటలన్నీ చివరికి ఇక్కడికే చేరతాయి.

ఆకలిదప్పుల వరకు హల్ చెప్పింది చాలావరకు నిజం. ఒంట్లో నీరు తగ్గి రక్తంలో ఉప్పు గాఢత పెరగగానే మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం పసిగడుతుంది, మనం చెంబు వెతుక్కుంటాం. తాగగానే కోరిక చల్లారుతుంది. లోటు, ఒత్తిడి, పని, ఉపశమనం. ఎంత చక్కగా అమరిందంటే, మనిషి కోరికలన్నిటికీ ఇదే నమూనా అని అందరూ అనుకున్నారు. అసలు తప్పు అక్కడే జరిగింది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1950ల తొలి సంవత్సరాల్లో ఒక ప్రయోగం చేశారు. ఏ పనీ చేయకుండా పడుకున్నందుకు విద్యార్థులకు రోజుకు 20 డాలర్లు ఇస్తామన్నారు. ఆ రోజుల్లో అది మంచి సొమ్ము. మెత్తని పరుపు, వేళకు తిండి, నీళ్లు. కళ్లకు వెలుతురు మాత్రమే తెలిసే అద్దాలు పెట్టారు, చేతులకు గొట్టాలు తొడిగారు, చెవికి ఒకే రకం రొద తప్ప మరేదీ వినపడనివ్వలేదు. హల్ లెక్కన అంతకంటే సుఖం లేదు. అయినా ఎక్కువమంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. డబ్బు వదులుకుని లేచి వెళ్లిపోయారు. ఏ లోటూ లేని మనిషి పడుకోవాలి కదా, పడుకోలేకపోయాడు. చూడటం, తాకటం, ఏదో ఒకటి చేయటం కూడా ఆకలి లాంటి అవసరాలేనని ఆ విద్యార్థులు చూపించారు. అంతకుముందే, 1930లో, ఎలుకలతో ఇలాంటి సంగతే బయటపడింది. అవతల కొత్త చోటు ఉందంటే చాలు, తిండి లేకపోయినా, కాళ్ల కింద కరెంటు తగిలే పలకను దాటి మరీ వెళ్లాయి.

ఇక ఆకలి నిజంగా ఏం చేస్తుందో చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలపాటు అర్ధాకలితో ఉంచాడు. వాళ్లు యుద్ధంలో ఆయుధం పట్టబోమని చెప్పి, దానికి బదులుగా ఈ సేవకు తమంతట తామే ముందుకు వచ్చినవారు. యుద్ధంలో మాడిపోతున్న జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం చేసిన పని అది. ఒక ఆశయం కోసం ఆకలిని కోరి తెచ్చుకున్న మనుషులు వాళ్లు. వాళ్లలో ఏం పుట్టింది? బరువు సుమారు పావు వంతు తగ్గింది. చదువు మీద, స్నేహాల మీద, లోకం మీద ఆసక్తి సన్నగిల్లింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. పళ్లేలు నాకారు. తిండి తప్ప మరో ఆలోచన లేకుండా పోయింది. ఆకలి మనిషి చూపును ఆకలి మీదకే తిప్పుతుంది. దాన్నుంచి ఆశయం పుడుతుందనడానికి నాకు ఎక్కడా ఆధారం కనబడలేదు. మీరు డబ్బు తగ్గించాక మీ అబ్బాయి ఏం చేసి ఉంటాడో ఊహించగలను. చదువు గురించి ఆలోచించి ఉండడు, నెలాఖరు ఎలా గడపాలా అని ఆలోచించి ఉంటాడు.

‘మరి నేను ఎలా ఎదిగాను?’ అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మీ కథను మీరే నాలుగు వాక్యాల్లో రాశారు, అందులోనే జవాబు ఉంది. పదిహేడేళ్లకు ఎరువుల దుకాణంలో పనికి చేరారు. రెండేళ్లలో యజమాని లెక్కలన్నీ మీ చేతికి అప్పగించారు. రైతులు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవారు. ఇరవై నాలుగేళ్లకు, ఇంట్లో వద్దన్నా, సొంతంగా దుకాణం పెట్టాలని మీరే నిర్ణయించుకున్నారు. ఇందులో ఆకలి ఎంత ఉందో నాకు తెలియదు. మూడు విషయాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: పని మీ చేతికి వచ్చింది, మిమ్మల్ని లెక్కలోకి తీసుకునే మనుషులు చుట్టూ ఉన్నారు, నిర్ణయం మీది. మీతోపాటు అదే ఊళ్లో అదే ఆకలితో పెరిగి ఎదగనివాళ్లు ఎందరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆకలి అందరికీ ఉంది. ఈ మూడూ అందరికీ దొరకలేదు.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వవేత్తలు దశాబ్దాల పరిశోధనతో తేల్చింది ఇదే. శరీరానికి తిండీ నీరూ ఎలాగో, మనసుకు మూడు మూల అవసరాలు ఉన్నాయన్నారు. నేను చేసేది నా ఇష్టంతో చేస్తున్నాననే స్వేచ్ఛ. నాకు చేతనవుతుందనే సామర్థ్య భావన. నాకంటూ మనుషులున్నారనే అనుబంధం. ఇవి అందినచోట మనిషి తనంతట తానే కదులుతాడు. అందనిచోట ఎంత తోసినా కదలడు, లేదా తోస్తున్నంత సేపే కదులుతాడు. వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలలోనూ ఈ మూడింటి ప్రాధాన్యం కనబడింది కాబట్టి, ఇదేదో పాశ్చాత్యుల వ్యవహారం అని కొట్టిపారేయలేం. ఇక్కడ స్వేచ్ఛ అంటే ఎవరి మాటా వినకపోవడమని చాలామంది పొరబడతారు. తండ్రి చెప్పిన పనినే, ‘అవును, ఇది నాకు కావాలి’ అనుకుని చేసే కొడుకు స్వేచ్ఛగా చేస్తున్నట్టే.

మాస్లో పిరమిడ్ గురించి మీరు విని ఉంటారు: ముందు తిండి, తరువాత భద్రత, ఆపైన ప్రేమ, గౌరవం, చివరికి ఆత్మ సాఫల్యం, అంటే తనలోని శక్తిని పూర్తిగా వినియోగించుకోవడం. అమెరికా మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో రాసిన వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు, అది తరువాతివాళ్లు గీసింది. ఒక మెట్టు నూటికి నూరు శాతం నిండితేనే పై మెట్టు మొదలవుతుందని అనుకోవడం పొరపాటని ఆయనే అదే వ్యాసంలో హెచ్చరించాడు. మీ విషయంలో ఆ పిరమిడ్ అవసరం అంతగా లేదు.

బైక్ దగ్గరికి వద్దాం. 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. వాళ్లంతా రంగు స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లలు. కొందరికి ‘బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేసిన తరువాత ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత ఆ పెన్నులను మళ్లీ ఊరికే బల్ల మీద పెట్టి దూరం నుంచి గమనించారు. ముందే మాట ఇచ్చి బహుమతి ఇచ్చిన పిల్లలు, మిగతావారితో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పని వాళ్ల దృష్టిలో కూలి పనిగా మారింది. చెప్పకుండా ఇచ్చిన బహుమతి ఏ నష్టమూ చేయలేదు.

అయితే దీన్ని అతిగా సాగదీయకూడదు. బహుమతులన్నీ చెడ్డవని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. అసలే ఆసక్తి లేని విసుగు పనికి చిన్న బహుమతి వల్ల పోయేదేమీ లేదు. ‘ఈ లెక్క బాగా చేశావు, ఈ మెట్టు దగ్గర నీకు తట్టిన ఆలోచన బాగుంది’ అన్న నిజమైన మెచ్చుకోలు ఆసక్తిని పెంచుతుంది కూడా. హాని చేసేది షరతు: ‘ఇది చేస్తేనే అది ఇస్తాను’. మీ అబ్బాయికి ఆ షరతులో రెండు సంగతులు వినిపించాయి. ఒకటి, ఈ చదువు ఎరవేస్తే తప్ప ఎవరూ చేయనంత పనికిమాలినది. రెండు, నాన్నకు నామీద నమ్మకం లేదు. మీరు ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. అతనికి అలా వినిపించలేదు.

ఇప్పుడు అసలు నొప్పి ఉన్న చోటుకు వస్తాను. ఇంటర్ రెండేళ్లు. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. తెల్లవారుజామున లేపితే లేవాలి, గంట కొడితే తినాలి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. వారం వారం పరీక్ష, మార్కుల జాబితా గోడ మీద, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. ఆ రెండేళ్లలో ఏ పూట ఏం చదవాలో ఆ కుర్రవాడు ఒక్కసారైనా సొంతంగా నిర్ణయించుకుని ఉంటాడా? నా దగ్గరికి వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఎక్కువమందికి ఇదే చరిత్ర. ఇంటర్‌లో నూటికి తొంభై అయిదు తెచ్చుకున్నవాళ్లు, బయటి నుంచి తోసే చెయ్యి లేకుండా పోగానే ఆగిపోతారు. వాళ్లలో కసి చచ్చిపోయిందని ఇంట్లో అంటారు. కాళ్లకు రెండేళ్లు కట్టు కట్టి, విప్పగానే పరుగెత్తమంటే ఎలా?

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు కుక్కలతో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. చదువుతుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. కొన్ని కుక్కలకు విద్యుత్ షాకును తలతో ఒక పలకను నొక్కి ఆపుకునే వీలు ఉంది. మరికొన్నిటికి అంతే షాకు, కానీ ఏం చేసినా అది ఆగదు. తరువాత అన్నిటినీ తేలికగా దూకి తప్పించుకోగల పెట్టెలో పెట్టారు. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో ఎక్కువ కుక్కలు దూకే ప్రయత్నమే చేయకుండా మూలుగుతూ పడుకున్నాయి. ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని దానికి పేరు పెట్టారు. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, మెదడు పరిశోధనల ఆధారంగా ఆ ఇద్దరే తమ మాటను తిరగరాశారు. ఎడతెగని కష్టం ముందు చేతులెత్తేయడం ప్రాణి సహజ స్థితి అట, దాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. నేర్చుకోవలసింది మరొకటి: ‘నేను చేసిన పనివల్ల ఫలితం మారుతుంది’ అన్న సంగతి. అది అనుభవంలోకి వచ్చినప్పుడు మెదడు ముందు భాగం ఆ నిస్సహాయతను అణచిపెడుతుంది. తాము చేసిన శాస్త్రాన్ని తామే సరిదిద్దుకున్న ఆ వ్యాసమంటే నాకు చాలా గౌరవం. నా పని తీరును కూడా అది మార్చింది. పిల్లవాడిలో బద్ధకం ఎక్కడి నుంచి వచ్చిందని వెతకడం మానేశాను. తన చేతిలో ఏదైనా ఉందన్న అనుభవం అతనికి చివరిసారి ఎప్పుడు కలిగిందని అడుగుతున్నాను.

ఫోను సంగతి క్లుప్తంగా. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మెదళ్లలో డోపమైన్ అనే, సంకేతాలు మోసే రసాయనాన్ని దాదాపు లేకుండా చేసి చూశాడు. అవి తిండి కోసం కదలడం మానేశాయి, నోట్లో తీపి పెడితే మాత్రం మామూలుగానే చప్పరించాయి. అంటే కోరుకోవడం వేరు, ఆనందించడం వేరు. డోపమైన్ ప్రధానంగా కోరికను నడుపుతుంది. తరువాతి వీడియో బాగుండవచ్చు, బాగుండకపోవచ్చు. ఆ అనిశ్చితే వేలిని ఆగనివ్వదు. రాత్రి రెండింటికి మీ అబ్బాయి ఆనందిస్తున్నాడని అనుకోకండి. ఇష్టం లేకుండానే కోరుకుంటూ ఉంటాడు, పొద్దున తనను తానే తిట్టుకుంటాడు. ఫోను లాక్కుంటే పోయేది ఫోను మాత్రమే, దాని చోటులో కూర్చోగల పని ఏదీ లేనంతవరకు.

ఇంకో ప్రయోగం మన గడ్డ మీదే జరిగింది, మీరు వ్యాపారస్తులు కాబట్టి మీకు నచ్చుతుంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్, సాధించాలనే తపన పుట్టుకతో వచ్చేదా, పెద్దయ్యాక కూడా పెంచవచ్చా అని తెలుసుకోవడానికి 1964లో కాకినాడను ఎంచుకున్నాడు. అక్కడి చిన్న వ్యాపారులను బృందాలుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి శిక్షణ ఇచ్చారు. వాళ్లకు డబ్బు పంచలేదు, భయమూ పెట్టలేదు. బొమ్మలు చూపి కథలు రాయించారు. ఆ కథల్లో తమ ఆలోచనలు ఎటు పోతున్నాయో వాళ్లే చూసుకునేలా చేశారు. రాబోయే రోజుల్లో ఏం చేయదలిచారో వాళ్ల చేతనే రాయించారు. ఆ తరువాతి రెండేళ్లలో ఆ శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది కొత్త వ్యాపారం పెట్టడమో ఉన్నదాన్ని గట్టిగా విస్తరించడమో చేశారు. పొందనివారిలో అలా చేసింది పావు వంతు మందే. కులమూ, సంప్రదాయ విశ్వాసాలూ అందుకు అడ్డు రాలేదని కూడా తేలింది. ఫలితానికి అసలు కారణం ఏదన్న దానిపై తరువాత వాదాలు నడిచాయి. ఒకే ఊరివాళ్లు కలిసి వెళ్లి, కలిసి తిరిగి వచ్చి, ఒకరి లక్ష్యం ఒకరికి తెలిసి ఉండటం కూడా బాగా పనిచేసిందని నా నమ్మకం.

ఆ పరిశోధనల్లో ఉంగరాలు విసిరే ఆట ఒకటి వాడేవారు. మన జాతరల్లో సబ్బుల మీద, గ్లాసుల మీద రింగులు విసురుతామే, అదే. ఇక్కడ మాత్రం ఎంత దూరం నుంచి విసరాలో మీ ఇష్టం. సాధించాలనే తపన బలంగా ఉన్నవాళ్లు మరీ దగ్గర నిలబడరు, మరీ దూరమూ పోరు. తగలవచ్చు, తప్పిపోవచ్చు అనిపించే మధ్య దూరంలో నిలబడతారు. ఓటమి భయం ఉన్నవాళ్లు రెండు చివరలకు పోతారు: దగ్గరైతే తప్పిపోదు, మరీ దూరమైతే తప్పిపోయినా సిగ్గు లేదు. మీ అబ్బాయి ముందు ఇప్పుడున్న గురి ఏమిటి? మూడు బ్యాక్‌లాగులు, ఈ సెమిస్టర్ సబ్జెక్టులు, అన్నీ ఒకేసారి పాసవాలి, ఆపైన పెద్ద ప్యాకేజీతో ఉద్యోగం. అంత దూరం నుంచి ఎవరూ విసరరు.

కాబట్టి ఇలా చేయండి. డబ్బు మునుపటంత పంపడం మొదలుపెట్టండి, దాన్ని మార్కులతో ముడిపెట్టకండి, తగ్గించినందుకు బాధపడుతున్నానని ఒక్క మాట చెప్పండి. బైక్ ప్రస్తావన మళ్లీ తేవద్దు. మూడింటిలో ఒక్క సబ్జెక్టును అతన్నే ఎంచుకోమనండి, ఏది ఎంచుకున్నా సరేననండి. తేలికైనది ఎంచుకుంటే ‘అదా?’ అనకండి. ఆ ఒక్కటి పాసవడం కంటే, తాను ఎంచుకున్నది తనవల్ల జరిగిందన్న అనుభవం ముఖ్యం. తరువాతివి దాని వెనకే వస్తాయి, నెమ్మదిగా. వారంలో ఒక రోజు మార్కుల మాట లేకుండా ఫోనులో మాట్లాడండి. మీ దుకాణంలో నిజమైన పని ఏదైనా, స్టాకు లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం లాంటిది, పూర్తిగా అతనికి వదిలేయండి. పక్కన నిలబడి చూడకండి. నెల రోజుల్లో అద్భుతం జరగదు. నేను చూసినంతలో మొదటి మార్పు నిద్రలో కనిపిస్తుంది, మార్కుల్లో చాలా ఆలస్యంగా.

ఒక హెచ్చరిక. ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, తిండి బాగా తగ్గడం లేదా పెరగడం, నిద్ర చెదరడం, ‘నేను దేనికీ పనికిరాను’ అనే మాటలు రెండు వారాలకు మించి కనిపిస్తే దాన్ని ప్రేరణ సమస్యగా చూడకండి. అది కుంగుబాటు కావచ్చు, దానికి వైద్యం ఉంది. మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఏ వేళైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినబడినా ఆ రెండు వారాలు ఆగకండి, అదే రోజు వెళ్లండి.

అది కుంగుబాటు కాకపోవచ్చని నాకు ఆశ కలిగించింది మీ ప్రశ్నలోని ఒక ఫిర్యాదు. ‘పోయిన సెలవుల్లో ఇంటికొచ్చి పాత ఇన్వర్టర్ విప్పుకుని మూడు రోజులు దాని ముందే కూర్చున్నాడు, పుస్తకం మాత్రం ముట్టలేదు’ అని రాశారు. 1949 ప్రాంతంలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వవేత్త రీసస్ కోతుల బోనులో పిన్ను, కొక్కెం, గడియ కలిపిన ఒక చిన్న తాళాన్ని బిగించాడు. తీస్తే ఏమీ దొరకదు. బహుమతిగా తిండి పెట్టలేదు, మెచ్చుకోలేదు. అయినా కోతులు దాన్ని తిప్పి తిప్పి, తీయడం నేర్చుకుని, మళ్లీ మళ్లీ తీశాయి. తిండిని ఆశగా చేర్చి చూస్తే పని మెరుగుపడలేదు, చెడింది. లోటు లేకుండా, బహుమతి లేకుండా పనిచేసే ఈ ప్రేరణను అప్పటి సిద్ధాంతాలేవీ వివరించలేకపోయాయి. అదే మీ ఇంట్లో మూడు రోజులు నేల మీద కూర్చుని ఉంది, వైర్ల మధ్య. మీరు దాన్ని కాలయాపన అనుకున్నారు.

ఆ ఇన్వర్టర్ చివరికి పనిచేసిందో లేదో మీరు రాయలేదు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు అదొక్కటే అడగండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డుపడకుండా వినండి. అతను ఏం చెప్పాడో ఇక్కడ రాయండి, తరువాతి సంగతి అప్పుడు చూద్దాం.